ఆరున్నొకటి

వెర్రిబీ,
మంగళవారం.

జిల్లా జూనియర్ ఫుట్‌బాల్ లీగు పోటీల అధికారి వారి సముఖమునకు,

ఓల్డ్ ఫెర్రీ రోడ్ జూనియర్ ఫుట్‌బాల్ క్లబ్బు గోల్ అంపైరు మేడికొండ సుబ్బు, వయస్సు డెబ్బై నాలుగు, రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: గత ఆదివారం జరిగిన పధ్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లల సెమీఫైనలులో నా చేతి స్కోరు కార్డును వేరుగా చదువుట గురించి; అందులో తప్పు చదివినవారిది కాక రాసినవాడిది అగుట గురించి; మా పిల్లల ఆఖరి గోలును గోలుగా దిద్దించవలసినదిగా కోరుట గురించి.

కార్డు మీది లెక్క మారాలంటే ఆ కార్డు రాసిన గోల్ అంపైరే, తన మాటల్లో, తన చేత్తో రాసి గురువారం సాయంత్రం ఐదు గంటల లోపల పంపాలని తమ ఉత్తరంలో ఉన్నది. రెండో పేజీలో, ఏ భాషలో రాసినా తర్జుమా చేయించుకుంటామని పది భాషల్లో అచ్చు వేశారు. ఆ పదిలో మా తెలుగు లేదు. అయినా ఏ భాషలోనైనా అని ఉంది కనుక రాస్తున్నాను. తర్జుమా చేసేవారికి కూడా ఒక మనవి ఉన్నది. అది ఆరో అంశంలో వస్తుంది.

1. నాది తెనాలి దగ్గర పల్లె. ఐదో తరగతి చదివాను. కళ్ళాల్లో కుంచం పట్టి ధాన్యం కొలిచాను. కుంచాలు పోయాక రైసు మిల్లులో బస్తాలు లెక్క పెట్టాను. లెక్క తప్ప నాకు వేరే విద్య లేదు. ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా తక్కువే మాట్లాడతాను. నా భార్య సీతారావమ్మ ఉన్నన్నాళ్ళు ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. మెల్‌బోర్న్ దగ్గర ఉన్న మా అబ్బాయి దీపక్ ఇంటికి ఇద్దరం కలిసి వచ్చాము. కిందటి సంవత్సరం మార్చిలో ఆవిడ పోయింది. ఇది అర్జీకి చెందిన సంగతి కాదు. కిందికి పోయాక చెందుతుంది.

2. ఈ సీజను ఏప్రిల్‌లో మొదలైంది. ప్రతి జట్టూ పిల్లల ఇళ్ళ నుంచి ఒక గోల్ అంపైరును ఇవ్వాలని నియమం. ఆ మాట అడిగిన రోజున తల్లిదండ్రులందరూ గడ్డి వంక చూశారు. నేను ఎప్పుడూ గడ్డి వంకే చూస్తాను గాని, ఆ రోజు ఏమి అడిగారో అర్థం కాక ఒక్కణ్ణే తల ఎత్తి ఉన్నాను. మా ఆడపిల్లల జట్టు మేనేజరు కహకషాన్ గారు నిజామాబాదు మనిషి, తెలుగు వచ్చు. తెల్లకోటు తెచ్చి నాకు తొడిగింది. "అంకుల్, మాట్లాడే పనే లేదు ఇందుల. జెండలు ఊపుడే. ఈ కొలువు మీకోసమే పుట్టినట్టున్నది" అన్నది. కోటు మోకాళ్ళ దాకా వచ్చింది.

నాకు అర్థమైనంత వరకు పని ఇది. ఈ ఫుట్‌బాల్ మా వైపు ఆడేది కాదు, ఈ దేశపుది. ఒక్కో చివర నాలుగు స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి కోలగా ఉండే బంతి పోతే గోలు, రెండు జెండాలు ఊపాలి, ఆరు పాయింట్లు. పక్క సందులో నుంచి పోయినా, దారిలో ఎవరి చెయ్యి తగిలినా ఒక జెండా, ఒక పాయింటు. ఊపిన వెంటనే కార్డు మీద రాసుకోవాలి. ఆ చివర ఎదుటి జట్టు మనిషి కూడా తన కార్డులో రాసుకుంటాడు. నేను పెన్సిలు వాడతాను.

3. నేను ఒక్క మా మనవరాలి జట్టుకే చేయలేదని తమకు మనవి. మిగతా వయసుల వారికీ మనిషి దొరకక, ఆదివారం పొద్దున్నే కోటు తొడుక్కుంటే చివరి ఆట అయ్యేదాకా విప్పలేదు.

ఎనిమిదేళ్ళ లోపు వారికి లెక్క లేదు. గెలుపోటములు రాయవద్దన్నారు. లెక్క లేని కొలత ఏమిటో నాకు అర్థం కాలేదు. అయినా జెండాలు ఊపాను. కళ్ళంలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటు కొద్దీ ప్రతి ఆటలో మొదటి గోలుకు నోట్లో లాభం అనుకునేవాణ్ణి. ఆ పిల్లల చెవులు పాముచెవులు. జూన్ నెల వచ్చేసరికి ఎవరు మొదటి గోలు కొట్టినా జట్టంతా "లాబమ్" అని అరిచేది. ఎదుటి జట్టువాళ్ళు కూడా నేర్చుకున్నారు.

పదేళ్ళ లోపు వారు బంతి ఎటు పోతే అందరూ అటే పోయేవారు. పన్నెండేళ్ళ లోపు వారు పద్నాలుగు ఆటల్లో నాలుగు గెలిచారు. పదహారేళ్ళ లోపు మగపిల్లల జట్టు తొమ్మిదో వారానికి పలచబడింది. కొందరికి చదువులు, కొందరికి ఉద్యోగాలు. పదో వారం తగినంతమంది రాలేదు. పదకొండో వారం ఆట లేదన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను స్తంభాల దగ్గర గంటన్నర నిలబడ్డాను. ఇంటికెళ్ళినా అంతే గనుక ఇబ్బంది ఏమీ కలగలేదు.

మా మనవరాలు లాస్య ఆడే పధ్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలు మటుకు ఎనిమిది గెలిచి సెమీఫైనలుకు వచ్చారు. క్లబ్బు మొత్తంలో మిగిలిన జట్టు అదొక్కటే.

4. ఆదివారం వాన. మూడో భాగంలో గాలికి స్కోరు బోర్డు పలకలు ఎగిరిపోయాయి. ఆఖరి భాగంలో నా చివరనే మా పిల్లలు గోలు కొట్టవలసి ఉన్నది. లాస్య వెనక కాపలా ఉండే పిల్ల. సీజను మొత్తంలో ఒక్క గోలు లేదు. ఆట ముగిసే సైరను మోగబోయే ముందు బంతి పట్టుకుని ముందుకు వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. తన్నింది. బంతి నా నెత్తి మీద నుంచి నడిమి స్తంభాల మధ్యగా పోయింది. దాని మీద ఎవరి చెయ్యీ పడలేదు. మనవరాలని చెప్పడం లేదు. నేను రెండు జెండాలు ఊపాను. కార్డు రాశాను. సైరను మోగింది.

మైదానంలోని అంపైరు కుర్రవాడు అప్పుడు బురదలో జారి పడి ఉన్నాడు. ఆ చివర గోల్ అంపైరు ఎర్రగడ్డం ఆయన, వానలో ఒక జెండా చూశానో రెండు చూశానో చెప్పలేనన్నాడు. అబద్ధమాడలేదు. ఆయన కార్డు పెన్నుతో రాసింది కనుక నీలం నీళ్ళయి పోయింది. నాది ఒక్కటే మిగిలింది.

5. కుర్రవాడు నా దగ్గరకు వచ్చి కార్డు చూసి వేలు పెట్టి అడిగాడు. నాకు అర్థమైన మాటలు రెండే, సిక్స్, వన్. మొత్తం గోల్సు ఎన్ని అని అడుగుతున్నాడనుకున్నాను. "సిక్స్, వన్" అన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అన్నాను. అతను అడిగింది ఆఖరి తన్ను ఆరా, ఒకటా అని. నేను ఆరు గోల్సు, ఆఖరిది ఒకే పాయింటు అన్నట్టు అయింది. ఆ ఒకటిని తీసుకుపోయి పక్క గడిలో ఉన్న రెండు పాయింట్లకు కలిపారు. మా పిల్లలవి ముప్పై తొమ్మిది, అవతలివారివి నలభై ఒకటి అయినవి. నిజానికి మావి నలభై నాలుగు.

6. నేను అలా ఎందుకు రాశాను, అలా ఎందుకు అన్నాను అనేది.

కళ్ళంలో ఆరు కుంచాలు పోశాక తరువాతి దాన్ని దాని పేరుతో పిలవరు. ఆరున్నొకటి అంటారు. ఆ పైన ఎనిమిది. ఆ అంకె పేరుకు మా భాషలో ఇంకో అర్థం ఉంది, కన్నీళ్ళు పెట్టుకో అని. గింజలు ఇంటికొచ్చే వేళ ఆ మాట వినపడకూడదని పెద్దలు పెట్టారు. నాకు కుంచం నేర్పిన మనిషి ఒకసారి నేను నోరు జారితే రాశి మొత్తం మళ్ళీ కొలిపించాడు. కార్డు మీద కూడా 6 1 అనే రాస్తాను. ఈ సీజనులో జట్లు ఎనిమిదికీ పదికీ పోయాయి గాని, ఏ ఆటా సరిగ్గా ఆ అంకె దగ్గర ఆగలేదు. కనుక ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు.

తర్జుమా చేసేవారు దీన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటలో రాసి వదిలేయవద్దని మనవి. అది మూఢనమ్మకమేనని మా అబ్బాయి చెప్పాడు. నేను కాదనను.

ఆ అంకెను ఒక్కసారి పైకి అన్నాను. మెల్‌బోర్న్ పెద్దాసుపత్రిలో సీతారావమ్మ ఏ అంతస్తులో ఉన్నదని లిఫ్టులో ఒకాయన తెలుగులోనే అడిగాడు. రోజూ వేళ్ళతో చూపించేవాణ్ణి. ఆ రోజు రెండు చేతుల్లో ఫ్లాస్కు, దుప్పటి ఉన్నాయి. నోటితో అన్నాను. పైకి వెళ్ళాను. అంతే.

దానికీ దీనికీ సంబంధం లేదు. లేదనే అందరూ అన్నారు.

6 1. ఆదివారం ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కోడలు శ్రీదివ్య పెరుగన్నం పెట్టింది. కారులో లాస్య నా పక్కనే కూర్చుంది. బంతికి ఎవరి చెయ్యో తగలడం నేను చూశానని, అందుకే ఒక పాయింటు ఇచ్చానని ఆ పిల్ల అనుకున్నది. "ఇట్స్ ఓకే తాతా. నువ్వు చూశావ్ కదా. యూ డోంట్ చీట్" అన్నది. తెలుగులో మాట్లాడాలని నాకోసం రెండు ముక్కలు కలిపింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఎందుకు ఓడామో నాకు అప్పటికి తెలియదు.

సోమవారం సాయంత్రం కహకషాన్ గారు తమ ఉత్తరం పట్టుకుని వచ్చింది. "అంకుల్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. ఆఖరి కిక్కుకు ఎన్ని జెండలు ఊపిండ్రు?" అన్నది. రెండు అన్నాను. "మరి సిక్స్ వన్ అని ఎందుకు చెప్పిండ్రు?" అన్నది. ఆరున్నొకటి గనుక అన్నాను. ఆవిడ కుర్చీలో కూలబడింది. తరవాత, "మా నానమ్మ గూడ గట్లనే అంటుండె. నేను ఆడనే ఉండి గూడ సమజ్ కాలె నాకు" అన్నది.

దీపక్ కంప్యూటరు తెరిచి, "నాన్నా, నేను డ్రాఫ్ట్ చేస్తా, మీరు సంతకం పెట్టండి చాలు" అన్నాడు. తమ ఉత్తరంలో తన చేత్తో అని ఉన్నది. నేను కాగితం అడిగాను.

8. కావున తమరు దయతో,

కార్డు మీది లెక్కను నేను పైన చెప్పిన ప్రకారం దిద్దించవలెను. ఆఖరి గోలును మేడికొండ లాస్య పేర రాయించవలెను. వచ్చే ఆదివారం ఫైనలుకు మా పిల్లలను పంపగలిగితే పంపవలెను. ఆ జాబితా ఇప్పటికే ఖాయమై ఉంటే నేను పట్టుబట్టను. అవతలి జట్టు ఆడపిల్లల తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్ళూ వానలోనే ఆడారు. కాని ఫైనలుకు పంపినా పంపకపోయినా, అది గోలే అని మాత్రం ఒక కాగితం మీద రాసి ఇవ్వవలెను. తాత చెప్పాడు గనుక కాదేమో అని ఆ పిల్ల అనుకుంటున్నది. నేను చెప్పలేదు.

ఇటువంటివాడు ఇకమీదట కార్డు రాయకూడదని తమరు తలిస్తే అది న్యాయమే. తెల్లకోటు ఉతికి ఇస్త్రీ చేసి, జెండాలు రెండూ చుట్టి, ఈ అర్జీతో పాటు పంపుచున్నాను.

ఈ జన్మలో ఇంతకు ముందు ఒక్క అర్జీ రాశాను, కాలువ నీళ్ళ కోసం. నీళ్ళు రాలేదు. దీన్నైనా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మేడికొండ సుబ్బు
గోల్ అంపైరు (అన్ని వయసులవారికి)

తా.క. సంతకం పెట్టాక లాస్య వచ్చి ఏమి రాశావని అడిగింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గాని చదవడం రాదు. మొదటి నుంచి చదివి వినిపించాను. అంత సేపు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అంతా విని, "తాతా, నువ్వు నంబర్ రాయలేదు. దే విల్ రీడ్ సిక్స్ వన్ అగైన్" అన్నది. చూసుకుంటే నిజమే. ఇంత రాసీ ఎక్కడా రాయలేదు.

అందుచేత రాస్తున్నాను. గోల్సు 7. ఏడు. పక్క పాయింట్లు రెండు. మొత్తం నలభై నాలుగు.

పైకి కూడా అనమన్నది. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఏడు అన్నాను. నేను అంకె చెప్పాను. ఆ పిల్ల రెండో అర్థం విన్నది. ఆదివారం నుంచి ఆపుకున్నది అంతా అప్పుడు వచ్చింది. ముఖం తుడుచుకోవడానికి అందుబాటులో మడతపెట్టిన కోటు ఒక్కటే ఉన్నది. తరవాత నేనూ వాడుకున్నాను.

మళ్ళీ ఉతకవలసి ఉన్నందున కోటు ఈ అర్జీతో పంపడం లేదు.