చేతులు వదిలి నడక

జూన్ 9
జిమ్‌లో చేరాను. నేను! ఈ ఏలూరులో పొద్దస్తమానం కుట్టుమిషన్ మీద వంగి కూర్చునే నేను. మెడనొప్పి వేళ్లలోకి దిగి, అవి మొద్దుబారి, మొన్న చేతిలోంచి కత్తెర జారిపోయింది. డాక్టరుగారు — "రోజూ నడవాలమ్మా, లేకపోతే మిషన్ మానుకోవాలి." మిషన్ లేకపోతే నేను నేనేనా... అత్తమ్మ — "నడవడానికి జిమ్మెందుకు, రోడ్డు లేదూ?" రోడ్డు మీద వాన, లారీలు. జిమ్‌లో ఆడవాళ్ల బ్యాచ్ పొద్దున్నే.

జూన్ 10
ట్రెడ్‌మిల్. కాళ్ల కింద నేల పారిపోతుంటే కడ్డీలు పట్టుకుని వేలాడాను. కళ్లు పాదాల మీదే. ట్రైనర్ పద్మగారు వచ్చి — "ఏవండీ, నడుస్తున్నారా, బట్టలు కుడుతున్నారా?" అందరూ నవ్వారు. నేనూ. ఇంటికొచ్చాక మెడ ఇంకా లాగేసింది.

జూన్ 13
పద్మగారు ట్రెడ్‌మిల్ వేగం బాగా తగ్గించారు. నా భుజాలు పట్టుకుని కిందికి దించారు. "చెవుల దాకా లాక్కోకండి. ఎదురుగా చూడండి. చిన్న అడుగు. ఇప్పుడు చేతులు వదలండి." వదల్లేనండీ అన్నాను. "ఒక్కటి వదలండి, చాలు." వదిలాను. తర్వాత రెండోది. పడలేదు! చేతులు వాటంతటవే ఊగుతున్నాయి. పిచ్చిదానిలా నవ్వాను.

జూన్ 14
ఒళ్లంతా నొప్పులు. ఎంత సంతోషమో.

జూలై 2
జిమ్‌లో సైకిల్ మీదా గూనితోనే కూర్చుంటున్నానట. పద్మగారు సీటు పైకి జరిపారు. నడుం నిలబెడితే ఊపిరి ఎంత లోపలికి పోతుందో... కిటికీలోంచి చూస్తే గూడెం వైపు ప్యాసింజర్ రైలు. దాంతో పందెం వేశాను. ఓడిపోయాను. రేపు మళ్లీ.

ఆగస్టు 5
నా కమీజు వీపు దగ్గర ముడతలు. కత్తిరింపు తప్పిందేమోనని ఆయన్ని టేపు పెట్టి చూడమన్నాను. తప్పలేదు. ఇన్నేళ్లూ నా వంపుకి సరిపోయేలా వీపు పొడవు ఎక్కువ పెట్టుకునేదాన్ని. ఇప్పుడా గుడ్డ మిగిలిపోతోంది! ఆయన టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు — "ఇంత పొడుగా నువ్వు?" వెంటనే కొత్తది కత్తిరించాను. వేళ్లు మొద్దుబారలేదు.

ఆగస్టు 24
అత్తమ్మ పక్కింటావిడతో — "మా కోడలు కొల్లేరు కొంగలా నడుస్తోంది చూడండి." తిట్టో, పొగడ్తో. పొగడ్తే అనుకున్నా.

సెప్టెంబర్ 11
పద్మగారు కాన్పుకి అత్తిలి వెళ్తున్నారు, పుట్టింటికి. నన్ను పక్కకి పిలిచి — "కొత్తగా వచ్చేవాళ్లకి ఎలా నిలబడాలో, ఎలా నడవాలో మీరు చూపిస్తారా? ఓనరుగారికి మీ పేరు చెప్పేశాను." నేనా?! ఇంటికి దాదాపు పరుగే.

సెప్టెంబర్ 12
ఆయనకి చెప్పాను. "మరి పెళ్లిళ్ల బ్లౌజుల సంగతో?" అన్నారు. నిజమే, గుట్టగా పడి ఉన్నాయి. చేతిపనికి పొద్దుటి వెలుగే మంచిది, జిమ్ కూడా అప్పుడే... మళ్లీ ఆయనే — "అసలు నీకేది ఇష్టం?" వంటింట్లో అత్తమ్మ గరిట చప్పుడు ఆగింది. ఈ మాట నన్నెవరూ అడగలేదు ఇంతవరకూ. "రెండూ," అన్నాను. "ఎలాగ?" అన్నారు. తెలీదు. నిజంగా తెలీదు. తెల్లారితే పద్మగారు అడుగుతారు — సరే అనేస్తాను, కడ్డీలు వదిలిన రోజూ పడనని తెలీదుగా.