పేరుకు ముందున్న మాట

1964 మార్చి 25, బుధవారం
రోజూ నాలుగు ముక్కలు రాయమంది సిస్టర్ లీథా. యాభై ఎనిమిదేళ్ళ చెయ్యి ఇప్పుడేం తిరుగుతుంది అన్నాను. తెల్ల డాక్టరుగారింట్లో దుప్పట్లు పిండిన చెయ్యికి పెన్సిలొక లెక్కా అంది.

ఆమె బ్యూటీ పార్లర్ వెనక గదిలో మేం ఎనిమిదిమందిమి. జుట్టు సాపు చేయించుకోవడానికి వచ్చినట్టు వస్తాం. తలకి తువ్వాలు చుట్టుకుని అక్షరాలు దిద్దుతాం. మాంట్‌గోమరీ నుంచి పాస్టర్లు వచ్చి ఓటు హక్కు గురించి ఉపన్యాసాలిస్తారు, పేపర్లో ఫోటో పడుతుంది. ఈ కౌంటీలో ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్ళాలో తేలేది మాత్రం లీథా జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ల కింద. ఏ ఫోటోలోనూ ఆమె ఉండదు.

మార్చి 30
క్లాసులో అందరినీ మిసెస్ అనే పిలుస్తుంది. మిసెస్ గ్రిగ్స్, బోర్డు దగ్గరికి రండి అంటే, మా అత్తగారు వచ్చిందేమోనని వెనక్కి చూశాను. పక్కన టెంపీ పడీపడీ నవ్వింది. డాక్టరుగారింట్లో నేను ఉత్త ఓరాని, తెల్లవాళ్ళు నల్లవాళ్ళని మిసెస్ అనరు. ఆయన మనవడికి ఆరేళ్ళు, వాడికీ ఓరానే.

మిసెస్ ఓరా గ్రిగ్స్. ఇవాళ నలభైసార్లు రాశాను.

ఏప్రిల్ 6, సోమవారం
కోర్టుకి వెళ్ళాం. ఓటర్ల పేర్లు నెలకి రెండు సోమవారాలే రాసుకుంటారు. పాత ఓటరొకరు వచ్చి, ఈమె నాకు తెలుసు అని చెయ్యెత్తి ప్రమాణం చెయ్యాలి. మా నల్లవాళ్ళలో ఓటుండి, అందుకు ధైర్యం చేసేది లీథా ఒక్కతే. చేసింది.

ప్రశ్నలన్నిటికీ జవాబులు రాశాను. రిజిస్ట్రార్ మొదటి గీత దగ్గరే ఆగిపోయాడు. మిసెస్ నీ పేరు కాదు, పేరే తప్పు రాశావు అన్నాడు. ఫారం చింపేశాడు.

ఏప్రిల్ 7
డాక్టరుగారి భార్య గుమ్మంలోనే ఆపేసింది. నీకెందుకొచ్చిన గొడవ ఓరా, ఇంక పనిలోకి రాకు అంది. పంతొమ్మిదేళ్ళు చేశాను.

ఏప్రిల్ 15
లీథా పార్లర్లోనే కూలిపోయింది. గుండె జబ్బట. మంచం దిగితే కష్టమన్నారు. ఆమె పోతే మా తరఫున ప్రమాణం చేసే దిక్కు లేదు. ఆమె ప్రాణం కోసం ఏడుస్తున్నానా, నా ఓటు కోసమా? సిగ్గేస్తోంది. రెండిటికీ ఏడుస్తున్నాను.

ఏప్రిల్ 18
లీథా పిలిపించింది. సోమవారం కుర్చీలో మోయించుకునైనా వస్తాను, నువ్వు మాత్రం ఆ మిసెస్ అన్న మాట తీసెయ్యి అంది. నేర్పింది నువ్వే కదా అన్నాను. నేర్పాను, నాదే తప్పు, వాడితో పంతం పట్టడానికి నా దగ్గర ఇంకో సోమవారం లేదే తల్లీ అంది.

ఎవర్నీ బతిమాలని మనిషి. నన్ను బతిమాలింది. అందుకే ఇంత కోపం.

ఏప్రిల్ 20, సోమవారం
తీసేశాను. ఓరా గ్రిగ్స్ అనే రాశాను. లీథా కుర్చీలో కూర్చునే చెయ్యెత్తింది. ఎత్తిన చేతిని టెంపీ పట్టుకోవాల్సి వచ్చింది. సంగతి పోస్టులో తెలుస్తుందన్నారు.

ఏప్రిల్ 29
లీథా పోయింది.

మే 2
సమాధి దగ్గర మాంట్‌గోమరీ పాస్టరు మాట్లాడాడు. మా సమావేశాలకి కేకులు చేసి తెచ్చేది, మంచి మనిషి అన్నాడు. అంతే. లేచి అరుద్దామనుకున్నాను.

మే 20
ఉత్తరం వచ్చింది. నాకు ఓటు వచ్చింది. రెండుసార్లు నేనే చదివాను, ఎవరి చేతా చదివించుకోలేదు. చూపించడానికి లీథా లేదు.

సాయంత్రం టెంపీ వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఇప్పుడు నా తరఫున చెయ్యెత్తాల్సింది నువ్వే, తెలుస్తోందా అంది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

జూన్ 1, సోమవారం
టెంపీ ఫారంలో మిసెస్ అని రాయలేదు. నేనే వద్దన్నాను.

రిజిస్ట్రార్ నా చేత చెయ్యెత్తించి, అంతా నిజమే చెప్తానని అనిపించాడు. ఈమె నీకు తెలుసా ఓరా అన్నాడు. తెలుసు, ఈమె మిసెస్ టెంపీ క్రెన్షా అన్నాను. పెన్ను ఆపి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే అన్నాను.

ప్రమాణం చేశాను కదా.