గేటు గదికి కొత్త కెమెరా

అవోకా,
జూన్ 2004

శశికాంత్ బావగారికి,

పని సగంలో వదిలేశానని మీ స్నేహితుడు ట్రెవర్ మీకు ఫోన్ చేశాడట. నిజమే. ఖర్వాస్తాన్‌లో ఆయన కాలనీ గేటు ఇక దాటను.

ఆ గేటు గదిలో కరెంటు లేదు. నెట్‌వర్క్ కేబుల్లోంచే కరెంటు పంపి కెమెరా పెట్టాను. చీకటి పడితే మాత్రం, కాపలా ఉండే తెంబి అనే నల్లజాతి అమ్మాయి పెట్టుకున్న కొవ్వొత్తి తప్ప అందులో ఏమీ కనబడలేదు. వైరు లాగి ఒక బల్బు పెట్టిద్దామన్నాను.

"లైటిస్తే అది బుక్కు చదూతా కూకుంటది, తమ్ముడా. గేటు ఎవుడు చూస్తాడు?" అన్నాడు ట్రెవర్, మన తెలుగులోనే.

చీకట్లో కూడా చూసే కెమెరా కొనుక్కొచ్చాడు! బిగించాను. కమిటీ వాళ్ళంతా తెర ముందు చేరారు. కొవ్వొత్తి ఆరిపోయి, తెంబి అగ్గిపెట్టె కోసం గోడంతా తడుముకుంటోంది.

"చూడండి, ఎంత క్లియరో!" అని ట్రెవర్ చప్పట్లు కొట్టాడు. ఛీ! తెల్లవాళ్ళ పాలన పోయి ప్రజాస్వామ్యం వచ్చి పదేళ్ళయిందని కట్టిన జెండాలు ఇంకా ఆ గేటుకే వేలాడుతున్నాయి.

నా నిచ్చెన అక్కడే ఉండిపోయింది, తెప్పించండి. టార్చిలైటు మాత్రం అడక్కండి. అది తెంబికి ఇచ్చేశాను.

మీ బావమరిది