సగం చెక్కిన గరిటె

ఉదయగిరి,
12-7-1983.

ఆత్మకూరులో ఉన్న చెల్లెలు మునీరాకు అన్న జానీ బాషా సలాములు. ఇక్కడ అందరం క్షేమం. నేనూ బతికే ఉన్నాను, అప్పుడే సంబరపడకు. రజాక్ బావ తోలే బస్సు ఈమధ్య ఎవరూ తోయకుండానే కదులుతోందా?

కబురేమంటే, మన కొయ్య గరిటెల పని అయిపోయింది. నాయనకు చూపు బాగా తగ్గింది. మొన్న ఆకురాయిని చెక్క మీదనుకొని బొటనవేలి మీద రుద్దుకున్నాడు. ఇంక మూసేద్దాం నాయనా అన్నాను. నా నోరు మూయించాడు. నీకు తెలుసుగదా, ఆయన ముందు రంపం ఆపొచ్చు, సాయంత్రం పని చాలించొచ్చు, బీడీ మానొచ్చు. దుకాణం మూసెయ్యడమనే మాట మాత్రం పలకకూడదు. అందుకే రోజూ ఒక గరిటె సగంలో వదిలి లేచేవాడు. బల్ల మీద సగం పని ఉంటే ఆ పూటకు చాలించినట్టేగానీ మానేసినట్టు కాదని ఆయన నమ్మకం.

పోయిన శుక్రవారం బల్ల మీదున్నవన్నీ తడిమి తడిమి పూర్తిచేశాడు. ఉలులకు నూనె రాసి గుడ్డలో చుట్టాడు. ఇంక ఎత్తేద్దాంరా అన్నాడు. ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. తల చెక్కడం అయింది, కాడ మొద్దుగా అట్లాగే ఉంది. కాడలు నున్నగా చేసే పని పెళ్లికి ముందు నీదేగదా. అందుకని దాన్ని ఆయన చూడకుండా దొంగిలించి, బస్సులో వచ్చే చెంచయ్యకిచ్చి పంపుతున్నాను. నాయనేమో, తన మాట కాదని రజాక్‌ను చేసుకున్నావని నీతో మాట మానేసిన మనిషి. తెలిస్తే ఇంకో గరిటె చేసి మరీ నా వీపు మీద విరగ్గొడతాడు. జాగ్రత్తగా దాచిపెట్టుకో.

ఇట్లు,
నీ అన్న,
జానీ బాషా.

తా.క. దొంగతనం అబద్ధం. గరిటెను గుడ్డలో కట్టి ఇచ్చింది నాయనే. నేనిచ్చినానని చెప్పబాక, నువ్వే ఎత్తుకొచ్చినావని రాయి అన్నాడు. దానితో మాట మానేసినావుగదా, ఇదేంది మళ్లీ అని దెప్పినాను. మానింది ఎవుర్రా, చాలించినాను, అంతే అన్నాడు. నేను లేచి దుకాణం తలుపు వెయ్యబోయినాను. గడియ పెట్టబాక, దగ్గరికి లాగిపెట్టు చాలు అన్నాడు.