బుర్ర దించి ఈదడం

అమ్మకి,

నీ పెద్దది రాజీ, కాళ్ళకి దండం పెట్టి రాస్తన్న ముక్కలు. నేను బాగున్నాను. నీ మోకాళ్ళు ఎలగున్నాయి? నాన్నకి కంట్లో పొర తీసినాక చూపు బాగా ఆనుతోందా? చిన్నీ, ఈ అక్క ఉత్తరం అమ్మకి నువ్వే చదివి వినిపించాలి. మధ్యలో ఏదీ మింగీకు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పనిస్తేనా నువ్వు? "ఆయాసం మనిషివి, ఈత మానీ" అంటావు, నేను నోరు తెరిసేలోపు పెట్టీస్తావు. కాగితం మీదైతే నా మాటకి అడ్డం రాలేవు గదా, అందుకే రాస్తన్నాను.

ఇక్కడ ఖరగ్‌పూర్‌లో వానలు ఇంకా పట్టుకునే ఉన్నాయి. నిమ్‌పురాలో నేనుంటన్న గది గోడలు చెమ్మగిల్లి బూజు పట్టినాయి. ఆ వాసనకి నాకు పిల్లికూతలు మొదలైతే ఇంటావిడ సూరమ్మ పిన్ని సున్నం వేయించింది. సోంపేట వైపు మనిషే. వాళ్ళ మావగారి కాలంలో రైల్వే వర్క్‌షాపు పనికని ఒచ్చి ఇక్కడే ఉండిపోయినారు. కూరలన్నీ ఆవనూనెతోనే వండుతాది. మొదట్లో ఆ ఘాటుకి దగ్గొచ్చీది, ఇప్పుడు అలవాటైపోయింది. ఆఫీసులో పని బాగానే ఉంది. సాయంత్రం అందరం కలిసి ముడీ తింటాం, మన మరమరాలే, పచ్చిమిరపకాయ కొరుక్కుంటా. తెలుగోళ్ళు చాలామందే ఉన్నారు గాని, ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఎవరూ లేనట్టే ఉంటాది. బెంగ పెట్టుకోకు, ఏడుస్తా కూకోను లే.

ఇంక ఈత సంగతి. పొద్దున్నే డ్యూటీకి ముందు ఈత కొలనుకి ఎల్తన్నాను. మాకు నేర్పీది మిఠూ దీదీ, బెంగాలీ ఆవిడ. హిందీ, బెంగాలీ కలిపి తిడతాది గాని మనసు మంచిది. మొదట్లో నాకు మెడ, కుడి జబ్బ ఒకటే నొప్పి. నొప్పి మందు రాసుకుని దిగీదాన్ని. దానికి తోడు ఆయాసం. కొలను నీళ్ళలో కలిపిన మందు పడలేదేమో అనుకున్నాను. ఒకరోజు దీదీ గట్టు మీద కూకొని చూసి చూసి, నన్ను ఆపి అడిగింది. "బుర్ర ఎత్తి ఏటి చూస్తన్నావు? ఎవరొస్తన్నారు?"

ఏటి చూస్తన్నానో నాకే తెలీదమ్మా. ఆలోచిస్తే నవ్వొచ్చింది. "అల వస్తాదేమో అని, దీదీ" అన్నాను.

మరి మనం సముద్రంలో నేర్చినోళ్ళం కాదేటి? నాన్న ఏటి చెప్పీవోడు? అల మీంచి కళ్ళు తియ్యొద్దు, అల మీదికొస్తే ఊపిరి బిగబట్టు. కొలనులో అల ఎక్కడిది? నేను మాత్రం మెడ నిక్కించి, ఊపిరి బిగబట్టి ఈదుతన్నాను. దాంతో మెడా జబ్బా పట్టీసినాయి. లోపలి గాలి వదలకుండా కొత్త గాలి పీల్చబోతే ఆయాసం రాక ఏటొస్తాది?

అక్కణ్ణించి దీదీ నన్ను చెయ్యి ఆడించనివ్వలేదు. తేలే బోర్డు పట్టుకుని, ముఖం నీళ్ళలో దించి, బుడగలు వదలడమే నా పని, అదీ బళ్ళో చదివే పిల్లల వరసలో. సిగ్గుతో చచ్చిపోయినాను. జబ్బకి ఐసు పెట్టీదాన్ని. డాక్టరు చెప్పినట్టు దిగేముందు నోట్లో ఆయాసం మందు పంపు కొట్టుకునీదాన్ని. నెమ్మదిగ అన్నీ సర్దుకున్నాయి.

మొన్న ఈత జట్టుకి మనుషుల్ని ఏరుకునే పోటీ పెట్టినారు. నెగ్గినోళ్ళని పెద్ద పోటీకి కలకత్తా తీసుకెళ్తారు. నాకెంత ఆశో నీకు చెప్పక్కర్లేదు. సగం దూరం దాకా నేనే ముందున్నాను. అటుపైన గుండెల్లో పట్టీసినట్టయింది. పళ్ళు బిగించి ఎల్లిపోదామనే అనిపించింది. గోడ చేతికందింది. పట్టుకుని ఆగీసినాను. దీదీ పంపు అందించింది, కొట్టుకున్నాను. పక్క వరసలోని అమ్మాయిలు నన్ను దాటుకుని ఎల్లిపోతంటే చూస్తా ఊపిరి తీసుకున్నాను. తర్వాత గట్టెక్కీసినాను. నా పేరు రాలేదు. ఆ రోజు బాగా ఏడ్చినాను. దీదీ తువ్వాలు కప్పి టీ తాగించి, రేపు పడుకో, ఎల్లుండి పొద్దున్న రా అంది.

అమ్మా, ఓడిపోయినదాన్ని ఇంత వివరంగ ఎందుకు రాస్తన్నానో తెలుసా? ఊపిరాడకపోయినా ఈ గుంట ఆగదు, మొండిగ పోయి నీళ్ళలోనే ఉండిపోతాది అన్నదే కదా నీ భయం. నిజమే, చిన్నప్పుడు జుట్టు పట్టుకుని లాగితే గాని గట్టుకొచ్చీదాన్ని కాదు. మొన్న నన్నెవరూ లాగలేదు. నా అంతట నేనే ఆగినాను.

చిన్నీ, సూరమ్మ పిన్ని ఎండు చేపలు, మెత్తళ్ళు అడిగింది, మన వైపు నుంచి ఎవరైనా ఒస్తే పంపించు. అత్తకీ మావకీ నా దండాలు చెప్పు. పిల్లలకి ముద్దులు.

అమ్మా, ఈత నేను మానను. అలగని నీ మాట కాదని దిగడం కూడా నా వల్ల కావట్లేదు. ఈసారి ఫోను చేసినప్పుడు మానీమనకు. "పంపు పట్టుకెళ్ళినావా?" అని అడుగు. నన్ను దీవించి నీళ్ళలోకి దించినావనుకుంటాను.

నీ మొండి కూతురు,
రాజీ
నిమ్‌పురా, ఖరగ్‌పూర్