కెల్లర్ దొర వంతెనలు

రంగూన్, 1928 డిసెంబరు, మంగళవారం.

పజుండాన్ మిల్లు కాలువ మీద కొయ్య వంతెన ఈరోజు పూర్తయింది. ఇంత త్వరగా కట్టడం ఎక్కడ నేర్చుకున్నారని కెల్లర్ దొరను అడిగాను. యుద్ధంలో జర్మన్ సైన్యంలో ఇంజనీరు ఆఫీసరుగా నాలుగేళ్లు వంతెనలు కట్టాడట. వెనక్కి తగ్గేటప్పుడు వాటినే పేల్చి, ఫ్రాన్సు రోడ్ల కింద మందుపాతరలు పెట్టించాడట.

ఇంగ్లీషువాళ్ల కూలిదళంలో ఫ్రాన్సు వెళ్లిన మా అన్న, యుద్ధం ముగిశాక అలాంటి రోడ్డు బాగుచేస్తూనే, పాతర పేలి పోయాడని చెప్పాను. దొర టోపీ తీసి, "ఏ ఊరి దగ్గర?" అన్నాడు. ఊరి పేరు నాకు తెలుసు. తెలియదన్నాను.

ఏటికి అవతల సిరియంలో కట్టబోయే వంతెన పనికి నన్నే మేస్త్రీగా పెట్టాడు. ఇంట్లో ఆ ఒక్క మాటే చెప్పాను. అది విని, అన్న పోయాక నా దగ్గరే ఉంటున్న వదిన సంబరపడింది.

"ఆ దొర సల్లగుండాల బాబూ! అరిసెలు సేసిస్తాను, అట్టుకెళ్లు," అంటూ బియ్యం నానబోసింది.

వద్దనలేకపోయాను.