కారుకు చల్లగాలి పైపు

మే 2002, ఆదివారం

కారుకు చల్లగాలి పైపు పని ఈ రోజుతో ముగిసింది. ఇన్నాళ్లూ ఇంజన్ తన వేడిగాలినే తాను పీల్చుకుంటూ, ఎండలో మిట్ట ఎక్కలేక ఆయాసపడేది. ఎండిపోయిన బోరులోంచి తీసిన పైపును కోసి, ఒక కొస ఫిల్టర్ డబ్బాకు బిగించాను. రెండో కొసను బయటి గాలి తగిలేలా హెడ్‌లైట్ పక్కన పెట్టాను. నల్లమాడ దాటాక మిట్టను మూడో గేరులోనే ఎక్కేసింది. సంతోషం పట్టలేక పక్క సీటు వైపు తిరిగాను. ఎవరున్నారని?

ఎవరికైనా చూపించాలనిపించి గోరంట్లలో ఖాదర్ షెడ్డుకు పోయాను. నాకు బండి పని నేర్పింది అతనే. రెండేళ్ల కిందట పదిమంది ముందు అతని పనికి వంక పెట్టాను. అప్పటినుంచి మాటల్లేవు.

ఖాదర్ బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, దుమ్మంతా లోపలికి పోతాది. మూతికి జల్లెడ కట్టు," అన్నాడు. స్క్రూడ్రైవర్ తెచ్చి క్లిప్పు తనే బిగించాడు. తల ఎత్తకుండానే అడిగాడు: "వదినె బాగుండాదా?"

"బాగుండాది," అన్నాను.

లక్ష్మి చనిపోయి ఏడు నెలలయింది. పంతానికి పోయి అతనికి కబురు పెట్టనిది నేనే.

టీ తెప్పించాడు. బయలుదేరుతుంటే కారు దాకా వచ్చి, "ఇంకో తూరి వదినెను గూడా పిల్చుకోని రాప్పా," అన్నాడు.

సరేనన్నాను. బాగుందని చెప్పాక, చనిపోయిందని ఇప్పుడెలా చెప్పడం?